ప్రశ్నలిస్తే జవాబుల జాబితా వస్తున్నది, కథ రావట్లేదు (8, 9 తరగతుల స్వీయరచన)

పానగల్లు_తెలుగు
అందరికీ నమస్కారం. హైస్కూల్, 8వ తరగతి, తెలుగు మీడియం, 42 మంది. "మీకు ఎదురైన ఒక సంఘటన రాయండి" అని వదిలేస్తే సగం మంది పెన్ను మూతి కొరుక్కుంటూ కూర్చుంటరు. అందుకని బోర్డు మీద ఆరు ప్రశ్నలు రాసి ఇస్తున్నం: ఎప్పుడు జరిగింది? ఎక్కడ జరిగింది? ఎవరెవరు ఉన్నారు? ఏం జరిగింది? నీకు ఎలా అనిపించింది? ఏం నేర్చుకున్నావు?

ఇప్పుడు అందరూ రాస్తున్నరు, కాని వస్తున్నది ఇది:

"నిన్న మధ్యాహ్నం జరిగింది. మా బడిలో జరిగింది. నేను, నా స్నేహితులు ఉన్నాము. కోతి వచ్చి నా గుడ్డు ఎత్తుకుపోయింది. నాకు చాలా బాధ అనిపించింది. కోతులతో జాగ్రత్తగా ఉండాలని నేర్చుకున్నాను."

ఆరు ప్రశ్నలకు ఆరు వాక్యాలు. ఒక్క తప్పు లేదు, ఒక్క ప్రాణం లేదు. ప్రశ్నలు పెంచి పన్నెండు చేస్తే పన్నెండు వాక్యాలు వస్తయి, అంతే. ప్రశ్నలు తీసేస్తే మళ్లీ ఖాళీ కాగితం. ఎక్కడ సరిచేయాలె?

సుద్దముక్క
సార్, పిల్లలు చెప్పింది చేశారు. ప్రశ్న అడిగితే పూర్తి వాక్యంలో జవాబు రాయమని ఒకటో తరగతి నుంచి మనమే అలవాటు చేశాం. "జవాబు" అనగానే వాళ్ల చెయ్యి ప్రశ్నలోని మాటలనే తిప్పి రాస్తుంది. "ఎక్కడ జరిగింది?" అంటే "బడిలో జరిగింది". వాక్యం అక్కడే ఉడికిపోయింది. ఇక దాన్ని మళ్లీ ఎవరూ వండరు, కింద కింద పేరుస్తారు.

అందుకని జవాబులు వాక్యాల్లో రాయనీయొద్దు. రఫ్ నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా మడిచి, ఎడమ సగంలో ఒక్కో ప్రశ్నకు మూడు మాటలు మించకుండా రాయించండి. ప్రశ్న నంబరు కూడా వేయొద్దు. ఆ పని అయ్యాక బోర్డు మీద ప్రశ్నలు తుడిచేయండి. ఇది మరిచిపోతే మొత్తం పాడైతది. ప్రశ్న కళ్ల ముందున్నంతసేపు పిల్ల దానికే జవాబు చెప్తుంది. తుడిచేస్తే ఎదురుగా మాటలు మాత్రమే మిగులుతయి, వాటిని వాక్యం చేయాల్సిన పని తనదే అవుతుంది.

45 నిమిషాల పీరియడ్‌కు లెక్క: పక్కపిల్లకు నోటితో చెప్పడం 6 నిమిషాలు (ఒక్కొక్కరికి 3), మాటలు రాసుకోవడం 7, తుడవడం, కుదుటపడటం 2, రాయడం 18, పక్కవాళ్లకు చదివి వినిపించడం 6, ఒక్కచోట పెంచి రాయడం 6. మొదటి రెండుసార్లు ఇది సరిపోదు, చివరి రెండు పనులు మర్నాటికి జరపండి. మొదటి 6 నిమిషాల గోల భరించాల్సిందే, దాన్ని కోసేస్తే మిగతాది నడవదు.

కోయిల్‌సాగర్_9
సుద్దముక్క మేడం చెప్పింది సగం మందు. మిగతా సగం ప్రశ్నల్లోనే ఉన్నది. మీ ఆరు ప్రశ్నలు పంచనామా ప్రశ్నలు సార్. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు, సాక్షులెవరు. వాటితోని రిపోర్టు వస్తది, కథ రాదు. పత్రికకు వార్త రాయించాలంటే అవే సరైనవి, కథనానికి కాదు.

కథ నడవాలంటే ఒకరికి ఏదో కావాలె, దానికి ఏదో అడ్డం పడాలె. నా దగ్గరున్న ఆరు ఇవి:

ఆ టైంల నీకు ఏం కావాలె?
దాని కోసం ఏం చేసినవ్?
అడ్డం ఏం వచ్చింది?
అడ్డం వచ్చిన ఆ క్షణంల నీ చేతులు ఏం చేస్తున్నయి, నీ కండ్లు దేని మీద ఉన్నయి?
ఎవరన్నా ఏమన్నరు? అచ్చం అదే మాట రాయి.
అంతా అయిపోయినంక ఎవరు ఎక్కడ, ఏం చేసుకుంట ఉన్నరు?

"ఎప్పుడు, ఎక్కడ" అనేవి అడగకున్నా వీటిలనే వచ్చేస్తయి. "ఎట్లనిపించింది" అనేది కావాలనే తీసేసిన. ఆ ప్రశ్నకు మన పిల్లల దగ్గర నాలుగే జవాబులు ఉంటయి: చాలా సంతోషం, చాలా బాధ, చాలా భయం, చాలా కోపం. "చేతులు ఏం చేస్తున్నయి" అని అడిగితే బాధ అనే మాట లేకుండనే బాధ కనబడతది.

పానగల్లు_తెలుగు
బాగుంది. ఆ గుడ్డు సంఘటననే ఈ ప్రశ్నలతో నడిపిస్తే ఎట్ల ఉంటదో ఎవరన్నా ఒక నమూనా పెట్టగలరా? పిల్లల స్థాయిలోనే.

సుద్దముక్క
ఎడమ సగంలో మాటలు: చివరికి తిందామని / అన్నం కింద దాచుడు / గోడ మీద కోతి / చెయ్యి బోర్లా, చూపు / "ఎట్ల తెల్సిందే" / ఉట్టి అన్నం, నవ్వు.

కుడి సగంలో:

"గుడ్డు ప్లేటులో పడేసరికి ఇంకా వేడిగానే ఉంది. చివర్లో తిందామని అన్నం కింద దాచి, వేపచెట్టు కింద కూర్చున్నాను. గోడ మీద కోతి ఉంది. అది నన్ను చూడటం లేదు. నా ప్లేటును చూస్తోంది. ఎడమ చెయ్యి ప్లేటు మీద బోర్లించాను. వేళ్ల సందులోంచి పప్పు కారుతోంది. అయినా చెయ్యి తీయలేదు. కోతి కూడా కదలలేదు. పక్కకు తిరిగి శైలజను పిలుద్దామని నోరు తెరిచాను. అంతే. 'అన్నం కింద ఉందని దానికెట్ల తెల్సిందే?' అంది శైలజ. గోడ మీద కోతి గుడ్డును రెండు చేతులతో పట్టుకుని తింటోంది. నేను ఉట్టి అన్నం కలుపుకున్నాను. శైలజ తన గుడ్డును గబగబా నోట్లో పెట్టుకుంది."

ఒకటి గమనించండి. కోతి దూకడం అసలు రాయలేదు. "అంతే" తో పోయింది. దూకకముందు చూపులు చూసుకోవడానికి ఐదారు వాక్యాలు పట్టినయి. ఎక్కడ ఆగాలో ఎక్కడ దాటేయాలో చెప్పకపోతే పిల్లలు ప్రతి ప్రశ్నకూ సమానంగా పంచుతారు, అన్నం వడ్డించినట్టు. అందుకే ఆరింటిలో ఒకదానికి చుక్క పెట్టించండి. చుక్క పెట్టిన ప్రశ్నకు కనీసం ఐదు వాక్యాలు, మిగతా ఒక్కోదానికి రెండు మించొద్దు. ఏ ప్రశ్నకు చుక్క అనేది పిల్లే ఎంచుకోవాలి. ఎక్కువ మంది నాలుగో ప్రశ్నకే పెడతారు, పరవాలేదు.

వ్యాకరణం_పిచ్చి
ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగులో కథనం చప్పబడేది ఎక్కువగా క్త్వార్థకం (లేచి, తిని, వెళ్లి లాంటి "-ఇ" రూపం) దగ్గర. "నేను లేచి ముఖం కడుక్కొని అన్నం తిని బ్యాగు వేసుకొని బస్టాండుకు వెళ్లి బస్సు ఎక్కి బడికి వచ్చాను." వ్యాకరణంలో తప్పు పట్టలేం. అసమాపక క్రియలను ఎన్నింటినైనా గొలుసు కట్టవచ్చు. కాని అలాంటి గొలుసులో ముఖం కడుక్కోవడానికీ బస్సు తప్పిపోవడానికీ ఒకే బరువు. పిల్ల కథలో అసలు సంఘటన "బస్సు తప్పిపోయి ఆటో ఎక్కి" అని మధ్యలో నలిగి ఉంటుంది, ఎవరికీ కనిపించదు.

దీనికి ప్రశ్న: "ఈ గొలుసులో కథ ఏ పని దగ్గర మారింది?" ఆ పని కింద గీత గీయించి, దానికి మాత్రం సమాపక క్రియ పెట్టించండి. "బస్సు తప్పిపోయింది." అక్కడ ఫుల్‌స్టాప్. తర్వాతి వాక్యం అక్కణ్నుంచి మొదలు. ఒక వాక్యంలో "-ఇ" రూపాలు రెండు దాటొద్దని నియమం పెడితే 8వ తరగతికి చాలు. 6వ తరగతికి ఈ నియమం వద్దు, వాళ్లకు గొలుసు కట్టడం రావడమే పెద్ద పని.

రెండోది "నేను". "నేను వెళ్లాను. నేను చూశాను. నేను అన్నాను." వెళ్లాను అన్నప్పుడే నేను అని తెలిసింది. మొదటి వాక్యంలో ఒక్కసారి ఉంచి మిగతావి కొట్టేయమనండి. పేరాలో మూడు కంటే ఎక్కువ "నేను" ఉంటే అవి మన ప్రశ్నల పుణ్యమే. "నువ్వు ఏం చేశావు" అని అడిగితే జవాబు "నేను" తోనే మొదలవుతుంది. "అప్పుడు ఏం చేశావు" అనండి, సగం తగ్గుతయి.

మూడోది కాలం. నోటితో చెప్పేటప్పుడు మన దగ్గర "గట్ల పోతుంటే కోతి వస్తది, గుడ్డు గుంజుకుంటది" అని జరిగిపోయిన దాన్నే జరగబోయేదానిలా చెప్పడం మామూలు. వినడానికి బాగుంటుంది. రాతలో సగం "వస్తుంది", సగం "వచ్చింది" పడితే గందరగోళం. రాయడం అయ్యాక ప్రతి వాక్యం చివరి క్రియ కింద గీత గీయించండి. కళ్లతో చూస్తే వాళ్లే దిద్దుకుంటారు, మనం చెప్పనక్కర్లేదు.

దేవరకొండ_గట్టు
ఒక డౌటు. సంభాషణలో "ఎట్ల తెల్సిందే" అని యాసలో రాస్తే మార్కులు పోవా? పదో తరగతికి వచ్చేసరికి ఇబ్బంది కాదా?

వ్యాకరణం_పిచ్చి
కథకుడి మాట ప్రమాణ భాషలో, పాత్ర మాట పాత్ర భాషలో. ఉద్ధరణ చిహ్నాలు సరిగ్గా ఉంటే దిద్దేవాళ్లకు అర్థమవుతుంది. ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం ఎలాగూ భాషాంశాల్లో చెప్పేవే. అదే వాక్యాన్ని "అన్నం కింద ఉందని దానికెలా తెలిసిందని శైలజ అడిగింది" అని పరోక్షంలో రాయించి పక్కపక్కన పెట్టండి. రెంటిలో ఏది చెవికి వినబడుతుందో పిల్లలే చెప్తారు. వ్యాకరణ పాఠం కూడా ఒక పీరియడ్ మిగులుతుంది.

కోయిల్‌సాగర్_9
నేను ఒప్పుకోను, కొంచెం. మాటలల్ల యాస వద్దంటలేను. కాని "అచ్చం అదే మాట రాయి" అన్నంక కొందరు పేజీ మొత్తం మాటలే రాస్తరు. నువ్వు ఎటు పోతున్నవ్, నేను అంగడికి పోతున్న, ఎందుకు పోతున్నవ్, కూరగాయలకు పోతున్న. ఇది నాటకం కూడా కాదు, ఫోన్ల ముచ్చట. అందుకని పేజీకి మూడు మాటలకు మించొద్దని చెప్పాలె. ఆ మూడిట్ల కూడా కథను కదిలించేదే ఉండాలె. "బాగున్నవా", "ఆ బాగున్న" అసలే వద్దు.

ఇగ పరీక్ష ముచ్చటకొస్తే, దిద్దేటాయన ఎవరో మనకు తెల్వదు. పదో తరగతోళ్లకు ఒకటి రెండు మాటలతోని ఆపమంట నేనైతే.

నల్లమల_ఎస్జీటీ
ప్రైమరీ నుంచి ఒక మాట. 4, 5 తరగతులకు రాతకంటే ముందు నోరు. మన ఇళ్లల్ల అవ్వ కథ చెప్తుంటే పిల్లలు "ఊ" కొట్టాలి. ఊ కొట్టకపోతే అవ్వ ఆపేస్తది, నిద్రపోయిండ్రా అని అడుగుతది. బుర్రకథలో కూడా పక్కనున్న వంతలు ఊరికే తాళం వేయరు, మధ్యమధ్యల అడుగుతరు, ఎగతాళి చేస్తరు. ఆ అడగడంతోనే కథకుడికి ఎక్కడ విప్పి చెప్పాలో తెలుస్తది. గైడెడ్ క్వశ్చన్లు అని మనం ఇప్పుడు అంటున్నది ఆ వంత పనే.

కాబట్టి ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరు చెప్పేవాళ్లు, ఒకరు వంత. వంతకు మూడే ప్రశ్నలు నేర్పండి: "ఆ తర్వాత?" "ఎట్ల?" "అప్పుడు నువ్వు?" చిన్నపిల్లలకు ఆరు గుర్తుండవు. టీచర్ అడిగితే పిల్ల మార్కుల కోసం చెప్తది, పక్కపిల్ల అడిగితే నిజంగా చెప్తది.

ఏడు చేపల కథ కూడా పనికొస్తది, కాని ఒక జాగ్రత్తతో. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు, మోపును అడిగితే ఆవు, ఆవును అడిగితే జీతగాడు, అక్కణ్నుంచి అవ్వ, పిల్లగాడు, చీమ. మొత్తం కథ "ఎందుకు" మీదనే నడుస్తది. పిల్లలకు ప్రశ్నతో కథ కదులుతదని చూపించడానికి ఇంతకంటె మంచిది లేదు. కాని అది వెనక్కి పోయే కథ, కారణాల గొలుసు. తమ సంఘటన రాసేటప్పుడు ఇదే పద్ధతి పట్టుకుంటే "ఎందుకంటే" తో నిండిపోతది, కథ ముందుకు పోదు.

కోయిల్‌సాగర్_9
ఇది చాలా పెద్ద పాయింటు మేడం. "ఎందుకు" అని అడిగితే పిల్లగాడు కథ ఆపి వివరణ మొదలుపెడతడు. "ఎందుకంటే కోతులకు అడవిలో తిండి దొరకదు, అడవులు నరికేశారు" అని వ్యాసం అయిపోతది. "ఎందుకు" బదులు "దానికి కొంచెం ముందు ఏమైంది?" అనాలె. కారణం అదే వస్తది, కాని సంఘటనగా వస్తది.

నల్లమల_ఎస్జీటీ
అవును. ఇంకొకటి. తండాల పిల్లలు, చెంచు పెంటల పిల్లలు ఉన్న బడుల్లో నోటి చర్చ వాళ్ల ఇంటి భాషలో జరగనివ్వండి. లంబాడీలో చెప్పుకుంటే చెప్పుకోనీ. ఎడమ సగంలో రాసే మూడు మాటలు కూడా ఇంటి మాటలే తెలుగు లిపిలో రాసుకోవచ్చు. రాసేటప్పుడు తెలుగు. క్రియ చివర్లు తప్పుతయి, మొదటి రాతలో దిద్దొద్దు. అప్పుడే ఎర్ర పెన్ను పడితే రెండోసారి రెండు వాక్యాలే రాస్తరు, తప్పు పడని రెండు వాక్యాలు.

మూసీ_ఒడ్డు
బీఈడీ, భాషాశాస్త్రం చదివేవాళ్లకు ఉపయోగపడొచ్చు. విలియం లబోవ్, జాషువా వాలెట్జ్కీ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో మామూలు జనం నోటితో చెప్పిన సంఘటనలను వాక్యం వాక్యంగా విడదీసి చూశారు. పరిచయం, చిక్కు, విలువ కట్టడం, పరిష్కారం, ముక్తాయింపు అని ఐదు భాగాలు తేల్చారు. 1972లో లబోవ్ వీటికి ముందు సారాంశం అనే ఆరోదాన్ని చేర్చాడు. అన్నీ ప్రతి కథలో ఉండాలని లేదు.

ఈ చర్చకు పనికొచ్చేవి రెండు. ఒకటి, లబోవ్ న్యూయార్క్‌లో జనాన్ని మాట్లాడించడానికి వాడిన ప్రశ్న: చచ్చిపోతానేమో అనిపించిన సందర్భం ఎప్పుడైనా ఎదురైందా? ఆ ప్రశ్న పడగానే మనిషి తన భాషను సరిచూసుకోవడం మానేసి సంఘటనలోకి వెళ్లిపోతాడు. మంచి ప్రశ్న పని అదే, చెప్పేవాడి దృష్టిని భాష మీంచి సంఘటన మీదికి మళ్లించడం. పిల్లలను ఇది అడగమని కాదు.

రెండోది విలువ కట్టడం. వినేవాడు "అయితే ఏంది?" అనే అవకాశం లేకుండా చెప్పేవాడు ముందే చూసుకుంటాడు. మన పిల్లల రాతల్లో లేనిది సరిగ్గా ఇదే. కోతి గుడ్డు ఎత్తుకుపోయింది. అయితే ఏంది? దీనికి జవాబు చివర నీతి వాక్యంలో ఉండదు, మధ్యలో ఆగిన చోట ఉంటుంది. నమూనాలో పప్పు కారుతున్నా చెయ్యి తీయకపోవడమే ఆ జవాబు. ఆ పిల్లకు గుడ్డు ఎంత ముఖ్యమో అక్కడ తెలిసిపోయింది.

దేవరకొండ_గట్టు
"అయితే ఏంది" అనేది మనోళ్లు రోజుకు వందసార్లు అనే మాటే. దీన్నే వంత ప్రశ్నగా పెడితే?

మూసీ_ఒడ్డు
పెట్టొచ్చు, కాని స్వరం జాగ్రత్త. క్లాసులో వెటకారంగా పడితే రాసినవాళ్లు మూసుకుపోతారు. "ఇందులో నీకు అన్నిటికన్నా గుర్తున్నది ఏది?" అంటే అదే పని జరుగుతుంది.

పత్తిచేను_గురుకులం
ప్రశ్నల వరుస గురించి. ఎంత మంచి ప్రశ్నలిచ్చినా 42 కథలూ పొద్దున్నే మొదలై సాయంత్రం ముగుస్తయి. దీనికి చీటీల పద్ధతి మంచిది. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేయండి. నలుగురు నలుగురు ఒక గ్రూపు, గ్రూపుకు ఆరు చీటీలు. 42 మందికి పదకొండు గ్రూపులు, 66 చీటీలు, అంటే తొమ్మిది కాగితాలు చాలు. ఒకవైపు వాడేసిన కాగితాలైనా సరిపోతయి, కాని రాత వెనక నుంచి కనబడేంత పలుచగా ఉండొద్దు.

ఒక్కో చీటీ మీద ఒక ప్రశ్న తాలూకు మాటలు. నేల మీద వరుసగా పరిచి, తర్వాత ఏదో ఒక చీటీని తీసి మొదట్లో పెట్టి చూడమనండి. "గోడ మీద కోతి ఉంది" తో మొదలైతే ఎట్లుంటది? "ఎట్ల తెల్సిందే" తో మొదలైతే? మూడు వరుసలు ప్రయత్నించాకే రాయాలి. చివరి చీటీని ముందు పెడితే వెనక్కి వెళ్లి చెప్పాల్సి వస్తది, "అంతకు ముందు" అనే మాట అవసరం పడుతుంది, అది సగం మందికి చిక్కు. 8కి వద్దు, 9కి పెట్టండి.

ఫ్యాన్ ఆపేయండి. ఇది జోకు కాదు.

సుద్దముక్క
ఫ్యాన్ సంగతి నూటికి నూరు పాళ్లు నిజం.

ఇంకో తప్పు జరిగేది నమూనా దగ్గర. టీచర్ బోర్డు మీద కోతి కథ చేసి చూపిస్తే ఆ రోజు క్లాసులో ముప్పై కోతులు. చూపించాక "ఇప్పుడు కోతి, కుక్క, పాము ఎవరూ రాయొద్దు" అని ముందే చెప్పాలి. అంశం బాగా చిన్నగా ఉండాలి. "చెరువుగట్టు జాతర" అంటే పొద్దున ఆటో ఎక్కడం నుంచి రాత్రి పడుకోవడం దాకా రాస్తారు. "జాతరలో చెప్పు తెగింది" అంటే పది నిమిషాల సంఘటన. పది నిమిషాల్లో అయిపోయేదే అంశం అని పెట్టుకోండి. పిల్లలమర్రి విహారయాత్ర అయినా అంతే, మర్రిచెట్టు విస్తీర్ణం, వయసు రాస్తే అది వ్యాసం. ఊడ పట్టుకుని ఊగితే చెయ్యి గీరుకుపోయింది అనేది కథ.

కొత్త_ఎల్పీ
ఐదు ఇంద్రియాల ప్రశ్నలు ఇవ్వొచ్చా? ఏం చూశావు, ఏం విన్నావు, వాసన, రుచి, స్పర్శ?

సుద్దముక్క
ఐదూ ఇస్తే "నాకు గాలి వాసన వచ్చింది" అని రాస్తారు. రెండు చాలు. చూపు ఎలాగూ వస్తుంది, దాన్ని వదిలేసి మిగతా నాలుగింట్లో రెండు ఎంచుకోమనండి.

పాలమూరు_బస్సు
ప్రశ్నలు ఇచ్చేముందు ఒకటి చూసుకోండి. మన దిక్కు చాలామంది పిల్లల అమ్మానాన్న పనికి పుణె, ముంబై పోయి ఉంటరు. పిల్లలు అవ్వ దగ్గరనో సీజనల్ హాస్టల్‌లనో ఉంటరు. "పండుగ రోజు మీ ఇంట్లో ఏం చేశారు? మీ నాన్న ఏం తెచ్చారు?" లాంటి ప్రశ్న బోర్డు మీద పడితే ఆ పిల్లలు అబద్ధం రాయాలె, లేదంటే ఏడ్వాలె. ప్రశ్నల్ల అమ్మ, నాన్న, ఇల్లు అనే మాటలు పెట్టకుండ రాయండి. "నీతో ఉన్నవాళ్లు" అంటే చాలు.

దాంతో పాటు "నేను" బదులు "ఒక పిల్ల", "ఒక పిలగాడు" అని ప్రథమ పురుషల రాసే వీలు అందరికీ ఇవ్వండి. అందరికీ ఇస్తే ఎవరు ఎందుకు తీసుకున్నరో ఎవరికీ తెల్వదు. అది ముఖ్యం. తండ్రి చనిపోయినట్టో, ఇంట్ల దెబ్బల గురించో రాస్తే క్లాసుల చదివించొద్దు, దిద్దొద్దు, పక్కకు పిలిచి మాట్లాడాలె.

పానగల్లు_తెలుగు
పండుగ ప్రశ్న నా లిస్టులో ఉంది, తీసేస్తున్న. థాంక్స్ అన్నా.

ఇప్పుడు అసలు భయం. ప్రశ్నలు ఎప్పుడు ఆపాలె? ఇవి లేకుండా రాయలేని పరిస్థితి వస్తే పరీక్షలో ఏం చేస్తరు?

మూసీ_ఒడ్డు
నేర్చుకునేటప్పుడు ఆసరా ఇచ్చి, వచ్చాక మెల్లగా తీసేయడాన్ని స్కాఫోల్డింగ్ అంటారు. ఆ మాటను బోధన సందర్భంలో వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు 1976లో వాడారు. మన దగ్గర దానికి మంచి మాట సెంట్రింగ్. స్లాబు పోసినప్పుడు కింద చెక్కలు, బల్లీలు కడతారు. గట్టిపడకముందే విప్పితే కూలుతుంది. గట్టిపడ్డాక కూడా విప్పకపోతే కింద గది వాడుకోలేం. మన బడుల్లో జరిగేది రెండోది. జూన్‌లో కట్టిన సెంట్రింగ్ మార్చిలో కూడా అట్లనే ఉంటది.

సుద్దముక్క
విప్పే వరుస, వారానికి ఒక రచన లెక్కన:

మొదటి రెండు వారాలు ఆరు ప్రశ్నలు, మాటలు రాసుకోవడం, తుడవడం. మూడో వారం నాలుగు ప్రశ్నలే, మొదటిదీ చివరిదీ తీసేయండి, అవి పిల్లలకు అలవాటై ఉంటయి. నాలుగో వారం బోర్డు ఖాళీ, అంశం మాత్రమే. ముందు పిల్లలే తమకు తాము మూడు ప్రశ్నలు రాసుకోవాలి. ఇక్కడ చాలా మంది మళ్లీ "ఎప్పుడు, ఎక్కడ" కే పోతారు, తిట్టొద్దు, పక్కవాళ్లతో మార్చుకోమనండి. ఐదో వారం రాశాక ప్రశ్నలు: పక్కపిల్ల రాత చదివి అంచున ఒకే ఒక్క ప్రశ్న పెన్సిల్‌తో రాయాలి, రాసినవాళ్లు దానికి జవాబు ఇవ్వకుండా, ఆ చోట రెండు వాక్యాలు పెంచాలి. ఆరో వారం ఏమీ లేదు.

నాలుగో వారంలో రాతలు మూడో వారంకన్నా చెడిపోతయి. కచ్చితంగా. అది చూసి మళ్లీ ఆరు ప్రశ్నలు బోర్డెక్కించొద్దు.

కొత్త_ఎల్పీ
42 నోట్‌బుక్కులు వారానికి దిద్దడం ఎట్ల మేడం? రాత అంశాల మార్కులు కూడా వేయాలి కదా.

సుద్దముక్క
అన్నీ దిద్దొద్దు. వారానికి ఒక్క సంగతే చూడండి. మొదటి వారం చుక్క పెట్టిన చోట ఐదు వాక్యాలు ఉన్నయా లేవా, అంతే. రెండో వారం వ్యాకరణం సార్ చెప్పిన "-ఇ" గొలుసు. మూడో వారం మాటలు, ఉద్ధరణ చిహ్నాలు. నోట్‌బుక్కుకు ఒక నిమిషం పడుతుంది, 42 నిమిషాలు. మార్కులు వేయాల్సినప్పుడు పదికి ఇలా: సంఘటన వరుస తెలిసేలా ఉంటే 2, ఒక్క చోట ఆగి విప్పి చెప్తే 3, అనవసరం దాటేస్తే 1, మాట సహజంగా ఉంటే 1, ముగింపు 1, భాష, అక్షరదోషాలు 2. ఈ లెక్క రాయడానికి ముందే గోడ మీద అంటించండి. ఆగడానికి మూడు, దోషాలకు రెండే అని తెలిస్తే చెయ్యి కొంచెం ధైర్యంగా కదులుతుంది.

దేవరకొండ_గట్టు
ముగింపు 1 మార్కు అంటే నీతి రాస్తే ఇస్తరా ఇయ్యరా? మావోళ్లు నీతి లేకుండ పెన్ను కింద పెట్టరు.

కోయిల్‌సాగర్_9
"ఏం నేర్చుకున్నవ్" అని అడిగింది మనమే కదా సార్. ఆ ప్రశ్న తీసేసి "చివర్ల ఎవరు ఏం చేస్తున్నరు" పెడితే నీతి దానంతటదే పోతది. కొందరికి అప్పటికీ వస్తది. అప్పుడు ఆఖరి వాక్యాన్ని వేలితోని మూసి మిగతాది చదువమనండి. కథ ఏమన్నా తగ్గిందా అని అడగండి. తగ్గలేదంటే కొట్టేయడమే.

పానగల్లు_తెలుగు
అందరివీ కలిపి సోమవారానికి బోర్డు లిస్టు చేసుకున్న. అంశం: "పది నిమిషాల్లో అయిపోయిన ఒక సంగతి". కోతి, కుక్క, పాము నిషేధం.

1. ఆ సమయంలో ఏం కావాలనుకున్నావు / అనుకుంది / అనుకున్నాడు?
2. దాని కోసం ఏం జరిగింది?
3. అడ్డం ఏం వచ్చింది?
4. ఆ క్షణంలో చేతులు, కళ్లు ఎక్కడ ఉన్నాయి?
5. ఎవరు ఏ మాట అన్నారు, ఎందుకు అన్నారు?
6. అయిపోయాక ఎవరు ఎక్కడ, ఏం చేస్తూ ఉన్నారు?

నల్లమల_ఎస్జీటీ
5లో "ఎందుకు" మళ్లీ దూరింది సార్.

కోయిల్‌సాగర్_9
2ల "ఏం జరిగింది" కాదు, "ఏం చేసిండ్రు". జరిగింది అంటే పిల్ల ఉత్తగ నిలబడి చూస్తది.

పానగల్లు_తెలుగు
రెండూ మార్చిన. తుడవడానికి డస్టర్ కూడా వెతికి పెట్టుకున్న.